గుమాస్తా గారి కూపను

గుమాస్తా గారు పోయారని నరసరావుపేట బస్టాండులో నా దగ్గర చదువుకున్న ఒక పాత శిష్యుడు చెప్పాడు. "అయ్యో" అన్నాను. అన్న మరుక్షణమే ఎందుకన్నానా అని నా మీద నాకే విసుగు పుట్టింది. ఆ మనిషికి పంచిపెట్టడానికి నా దగ్గర అయ్యోలు అన్ని లేవు. ఉన్నవి కావలసినవాళ్ళకే చాలడం లేదు.

శిష్యుడు ఊరుకోడే! "పెద్ద కళాభిమాని గదండీ ఆయన. మీకు చానా దగ్గర గదండీ" అన్నాడు. దగ్గరే. ఎంత దగ్గరంటే ఆయన అరుగుకీ నాకూ మధ్య మూడు మెట్లే ఉండేవి. ఆయన పైన, నేను కింద. ఆ మూడు మెట్లూ నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఆయన పేరు చెప్పను. వాళ్ళవాళ్ళు నొచ్చుకుంటారని కాదు, చెప్పుకునేంత పేరు కాదని. నరసరావుపేట మునసబు కోర్టులో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. ప్లీడరు విడిచిన నల్లకోటు వేసుకునేవాడు. చేతులు పొడుగై వేళ్ళ దాకా జారేవి. ఏదైనా తీర్పు చెప్పబోయే ముందు రెండు చేతులూ పైకి లాక్కునేవాడు. అవి మళ్ళీ జారేవి. మళ్ళీ లాక్కునేవాడు. ఎండాకాలంలో కూడా ఆ కోటు విప్పగా నేను చూడలేదు. ఇంట్లో భార్యతో మాట్లాడినా కోర్టు మాటలే. కూరలో ఉప్పు ఎక్కువైతే, దావా కొట్టేసినట్టు, "ఖారీజు" అని పళ్ళెం పక్కకు నెట్టేవాడట. చుట్టాలు సాయం అడిగితే "వాయిదా" అనేవాడట. ఆయన ప్లీడరు కూడా అన్ని వాయిదాలు అడిగి ఉండడు.

దీనికి తోడు నాటకాలు. రొంపిచెర్ల నుంచి గురజాల దాకా ఎక్కడ నాటకం వేసినా రాజు వేషం ఆయనదే. మరొకరికి ఇస్తే రాడు. రాకపోతే ప్లీడరు గారికి కోపం వస్తుందని ఊళ్ళవాళ్ళకు భయం. ఆ రాజు ఎలాగూ చివరికి చస్తాడు. చచ్చే ముందు ఒక పద్యం అందుకుంటాడు. ఆ పద్యానికి జనం "వన్స్ మోర్" అని అరవాలి. అరిస్తే చచ్చినవాడు లేచి, పంచెకు అంటిన దుమ్ము దులుపుకొని, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. మా ప్రాంతంలో అది తప్పు కాదు, గౌరవం. గొప్ప నటులకు జనం ఇచ్చుకున్న గౌరవం. ఈయనకు మాత్రం జనం ఇచ్చేదాకా ఆగే ఓపిక లేదు. అరవడానికి ముందు వరుసలో తన మనిషినే ఒకణ్ణి కూర్చోబెట్టుకునేవాడు. ఒకసారి దాచేపల్లిలో ఆ మనిషి కునుకు తీశాడు. చచ్చిపడి ఉన్న రాజు ఎంతసేపు చూసినా అరుపు వినబడలేదు. చివరికి తల ఎత్తి ముందు వరుసలోకి చూసి, "ఏందిరా, నిద్రపొయినావా?" అని అడిగాడు. ఆ ఊరివాళ్ళు చాలా ఏళ్ళు చెప్పుకొని నవ్వుకున్నారు.

ఇలాంటి మనిషి చేతికి ఒక కూపను దొరికింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే.

యుద్ధం అప్పుడే ముగిసిన రోజులు. కాగితానికి కరువు. పత్రికలు లెక్కపెట్టి అచ్చు వేసేవాళ్ళు. మద్రాసులో ఒక సినిమా కంపెనీ టాకీ కథల పోటీ పెట్టింది. ఉత్త కథ కాదు, రంగాలు విడగొట్టి, ఎవరు ఏం చేస్తారో, తెర మీద ఏం కనబడుతుందో రాయాలి. దాన్ని సినేరియో అంటారని పత్రికలో వివరం ఇచ్చారు. గెలిచిన సినేరియోను కంపెనీవాళ్ళే బొమ్మ తీస్తారు. నియమం ఒక్కటే. ఆ పత్రికలో అచ్చయిన కూపను కత్తిరించి, కథ పై కాగితానికి అంటించి, దాని మీద సంతకం చెయ్యాలి. కూపను లేని కథను చూడరు. ఆ నెల మా ఊరికి వచ్చిన పత్రిక ఒక్కటే. అది గుమాస్తా గారికి టపాలో వచ్చింది. గుంటూరుకు మనిషిని పంపి అడిగిస్తే అయిపోయాయన్నారు.

నేను అప్పటికి మిషను బడిలో కొత్తగా చేరిన మాస్టర్ని. ఊరి చివర మా క్రైస్తవ పల్లెలో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఆ తర్వాత వచ్చిన కరువులో సర్కారువాళ్ళు మాచర్ల వైపు రోడ్డు పని పెడితే అమ్మ, మా పెద్దమ్మ, పల్లెలో ఇంకో ఇరవై మంది ఆడవాళ్ళు అక్కడికి పోయి కంకర కొట్టారు. మా పెద్దమ్మకు రాతి పెచ్చు ఎగిరి ఒక కన్ను పోయింది. రెండో కన్నుతో ఇంకో ఏడాది కొట్టింది. నేను ఆ రాళ్ళ కుప్పల మధ్యే పెరిగాను.

పోటీకి కొన్ని నెలల ముందు మా ఊళ్ళో డేరా వేసి టాకీ ఆడించారు. అమ్మను తీసుకుపోయాను. ఆమె జీవితంలో చూసిన మొదటి బొమ్మ. రాజులు, దేవతలు, మేడలు. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. బాగుందా అని అడిగితే, "బాగుంది. అంత పెద్ద తెర గదరా, రాయి కొట్టే ఆడది ఒక్కతి కూడా పట్టలేదా అందులో?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "మేం ఏసిన రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నయి. ఎవురేశారో ఎరిగినోడు లేడు. మీ పెద్దమ్మ కన్ను యాడ పోయిందో ఎవురికి తెలుసు?" అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. పోటీ సంగతి విన్న రోజునే బడి నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. రాళ్ళ కుప్పల ముందు కూర్చున్న ఇద్దరు తోడికోడళ్ళ కథ. రాసింది రాసినట్టు అమ్మకు చదివి వినిపించేవాణ్ణి. ఆమె తప్పులు దిద్దేది. "రాయి అట్టా పట్టుకోరు, కాలి వేళ్ళతో అదిమి పట్టుకుంటరు" అనేది. పూర్తయిన నాడు, "నా బొమ్మ వస్తదంటావా?" అని అడిగింది. వస్తుందన్నాను. మాట ఇచ్చానన్నమాట. ఇక కూపను కావాలి.

గుమాస్తా గారు కూపను కోసం దర్బారు పెట్టాడు. కోర్టు మూసింది మొదలు దీపాలు పెట్టేదాకా అరుగు మీద కొలువు. ఎవరి కథ బాగుంటే వాళ్ళకు కూపను ఇస్తానని ప్రకటించాడు. కథలు వినిపించడానికి మేం ముగ్గురం పోయేవాళ్ళం. ముప్పాళ్ళ నుంచి సైకిలు తొక్కుకుంటూ ఒక కరణం గారి తమ్ముడు వచ్చేవాడు. ఆయన కథలో పది నిమిషాలకొక పాము కరిచేది. ఊళ్ళోనే ఉండే ఒక హోమియో డాక్టరు వచ్చేవాడు. ఆయన కథలో అందరికీ విషం పెట్టేవాళ్ళు, అందరినీ హీరో మాత్రలతో బతికించేవాడు. వాళ్ళిద్దరూ అరుగు మీద బల్ల పైన కూర్చునేవాళ్ళు. నేను వాకిట్లో నిలబడి చదివేవాణ్ణి. నిలబడమని ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో చెప్పవలసిన అవసరం ఎవరికీ ఉండేది కాదు. పలక పట్టిన పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం నేను మాస్టర్ని. గుమాస్తా గారికి "ఒరేయ్ మాస్టరూ"ని.

ఆయన వినే పద్ధతి చూడాలి! పడక్కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు బల్ల మీదికి చాపి, కళ్ళు మూసుకునేవాడు. కథ బాగా లేకపోతే మధ్యలో కళ్ళు తెరిచి "కాఫీ" అని ఇంట్లోకి కేక వేసేవాడు. బాగుంటే కళ్ళు ఇంకా గట్టిగా మూసుకునేవాడు, బాగుందని మనకు తెలియకూడదని. కానీ కుడికాలి బొటనవేలు ఆయన మాట వినేది కాదు. అది ఊగేది. పాములకూ విషాలకూ అది కదలడం నేను చూడలేదు. అమ్మ మొదటి దెబ్బ కొట్టే రంగం చదివినప్పుడు ఊగింది. పెద్దమ్మ కన్ను పోయిన రంగం దగ్గర ఊగి ఊగి ఆగిపోయింది.

చదవడం అయ్యాక కోటు చేతులు లాక్కొని, "ఖారీజు చెయ్యను. వాయిదా. రేపు రా" అన్నాడు.

మర్నాడు పోయాను. కొలువు నిండుగా ఉంది. "పొద్దున పళ్ళు తోముకుంటుంటే నాకో ఊహ తట్టింది" అని మొదలుపెట్టాడు. "ఒక ఆడమనిషి రాళ్ళ కుప్ప ముందు కూకుంటది. ఎండ. ఒక్క దెబ్బ. ఎట్టుంది?" అని నన్నే అడిగాడు! నిన్న నేను చదివింది నాకే చెప్పి, ఎట్టుందని నన్నే అడిగాడు. తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కడికే కాదు. కరణం గారి తమ్ముడి పాములూ, డాక్టరు గారి విషాలూ కూడా మర్నాటికల్లా పళ్ళు తోముకుంటుంటే తట్టేవి. ఆ మనిషి జీవితంలో సొంతంగా తోముకున్నవి ఆ పళ్ళు ఒక్కటే.

"అయితే రాయి కొట్టే దాని కథ ఎవుడు చూస్తాడ్రా?" అన్నాడు. "డబ్బులిచ్చి లోపలికొచ్చినోడు రాళ్ళు చూస్తాడా? దాన్ని రాణిని చెయ్యి. శాపం తగిలి రాళ్ళు కొడతంది. చివర్లో శాపం పోద్ది."

"అది మా అమ్మ అండీ" అన్నాను.

"అయితే మంచిదే గదా? మీ అమ్మను రాణిని చేస్తన్నా. ఇంకేం గావాల?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానంటే కూపను ఆయన పెట్టెలో ఉంది. అమ్మను రాణిని చేశాను. రెండు వారాలు రోజూ ఏదో ఒకటి మార్చమనేవాడు, మార్చుకొని పోయేవాణ్ణి. ఇంటి దగ్గర అమ్మ "ఏమైంది?" అని అడిగితే, "వాయిదా పడింది" అనేవాణ్ణి.

గడువు దగ్గర పడ్డాక ఒక సాయంత్రం తీర్పు చెప్పాడు. "మూడు కథలూ విన్నా. దేనికదే లోపం. కాబట్టి మూడూ కలిపి జాయింటు దావా ఏస్తన్నా. మీరందరూ వాదులే. సంతకం మాత్రం నాది." కరణం గారి తమ్ముడు నోరు తెరిచాడు, ప్లీడరు గారి దగ్గర ఆయన భూమి దావా ఒకటి నడుస్తోంది, నోరు మూశాడు. డాక్టరు ముందే తల ఊపాడు. నేను వాకిట్లో ఉన్నాను. వాకిట్లో ఉన్నవాడి తల ఎటు ఊగిందో ఎవరూ చూడలేదు.

చెత్తంతా కలిపి ఆయన చెప్పడం, నా దస్తూరి బాగుంటుందని నేను సాపు ప్రతి రాయడం. మెట్ల కింద బండ మీద కూర్చొని ఒళ్ళో అట్ట పెట్టుకొని రాశాను. రాణి అంటే అమ్మే, రాళ్ళు కొడుతుంది. ఆమెను పాము కరుస్తుంది. ఒక వైద్యుడు మాత్ర వేస్తాడు. రాజు అడుగడుగునా వచ్చి పద్యం పాడతాడు. ఆ రాజు వేషం ఎవరిదో చెప్పక్కర్లేదు. ప్రతి పద్యం పక్కనా బ్రాకెట్లో "వన్స్ మోర్, మళ్ళీ" అని రాయించాడు. చివరికి రాజు యుద్ధంలో పడి పాడి చచ్చే రంగంలో కూడా "వన్స్ మోర్. రాజు లేచి, దుమ్ము దులుపుకొని, పాడి, మరల చచ్చును" అని చెప్పాడు.

నా కలం ఆగింది. "గుమాస్తా గారూ, సినిమాలో వన్స్ మోర్ ఎట్టాగండీ? జనం అరిస్తే తెర మీద బొమ్మకు వినబడదు గదా?"

ఆయన నా వంక ఎంత జాలిగా చూశాడో! "అందుకేరా పిచ్చోడా, ముందే రాస్తన్నా. వాళ్ళు అరిచేలోపే మనం పాడిచ్చేస్తాం. బొమ్మకు చెవులు లేవని నాకు తెలియదా?"

అరుగు మీద ఉన్న ఇద్దరూ "ఆహా" అన్నారు. ఆ ఊపులో ఆయనకు ఇంకొకటి తట్టింది. "రాణి రాయి కొట్టేకాడ కూడా వన్స్ మోర్ పెట్టు. ఆడోళ్ళకు కూడా గౌరవం ఇయ్యాల." రాశాను. 'రాణి రాయి కొట్టును. వన్స్ మోర్. రాణి మరల రాయి కొట్టును.' ఆ వాక్యం నా చేత్తోనే రాశాను. మర్నాడు ఆయన పెట్టె తెరిచి, కూపను తీసి, అన్నం మెతుకులతో అంటించి, వంకర టింకర సంతకం ఒకటి చేశాడు. రిజిస్టరు టపాలో మద్రాసు పోయింది.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఇంగ్లీషులో వచ్చింది. గుమాస్తా గారికి కోర్టు నోటీసులో ఉండే నాలుగు ఇంగ్లీషు ముక్కలు తప్ప రావు. ఆ సంగతి ఒప్పుకోడు. కళ్ళజోడు పగిలిందని చెప్పి నాకు కబురు పెట్టాడు. కొలువంతా కూర్చుంది. ఇరుగు పొరుగు కూడా వచ్చారు. నేను వాకిట్లో నిలబడి చదివి, ఒక్కొక్క ముక్కే తెలుగులో చెప్పాను. నా జన్మలో ఇంగ్లీషు అంత తృప్తిగా ఎప్పుడూ చదవలేదు.

మీ సినేరియో తీయడానికి పనికిరాదు, అని ఉంది. రాజు ఎన్నిసార్లు మరణిస్తాడో మాకు లెక్క తేలలేదు, అని ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ముక్క తెలుగులో చెప్పే ముందు నాలో నేను రెండుసార్లు చదువుకున్నాను. ఏడో పుటలో రాణి రాళ్ళు కొట్టే రంగం ఉంది. ఆమె రెండోసారి ఎందుకు కొడుతుందో అర్థం కాలేదు గానీ మొదటిసారి కొట్టినప్పుడు మా గదిలో అందరం ఆగిపోయాం. రాసినవారికి రాయి కొట్టడం తెలుసు. రాణి వద్దు, రాజు వద్దు. రాయి కొట్టే స్త్రీ కథ ఒక్కటే నెల లోపల రాసి పంపండి. పోటీ సంగతి ఎలా ఉన్నా, బాగుంటే దాన్నే బొమ్మగా తీయాలని మా యజమాని కోరిక. అయితే నియమం ప్రకారం ఈ ఉత్తరం మీది నెంబరే వేసి, కూపను మీద ఉన్న సంతకమే చేసి పంపాలి. మరొకరి పేరుతో వస్తే తీసుకోము.

కాగితం మడిచి మెట్టు మీద పెట్టాను. గుమాస్తా గారు కోటు చేతులు లాక్కున్నాడు. "నేను చెప్పలా? ఆ సీను నాకు పళ్ళు తోముకుంటుంటే తట్టిందే" అన్నాడు. సిగ్గు అనేది ఆ మనిషి ఇంటి దరిదాపులకు ఎన్నడూ రాలేదు.

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "నేను కొట్టిన దెబ్బకు మద్రాసోళ్ళు ఆగిపోయినారా?" అని రెండుసార్లు అడిగింది. "అయితే రాయి. ఇంకా ఏంది ఆలస్యం?"

"ఆయన పేరుతో పంపాలంటమ్మా."

"పంపు. ఎవురి పేరైతే ఏందిరా? బొమ్మలో ఉండేది ఆయన గాదు గదా."

నేను రాయనన్నాను. ఆమె ఆ రోజుకు ఊరుకుంది.

ఆదివారం మేం గుడి నుంచి వచ్చేసరికి గుమాస్తా గారు మా పల్లెలో ఉన్నాడు. పేటలో పుట్టి పెరిగిన మనిషి మా సందులోకి రావడం అదే మొదలు. కోటు వేసుకొని, గొడుగు వేసుకొని, సందు నడిమధ్య ఏ గోడా తగలకుండా నిలబడి ఉన్నాడు. అమ్మ మంచం వాల్చింది. కూర్చోలేదు. మంచినీళ్ళు ఇవ్వబోతే గొడుగు కొంచెం అడ్డం పెట్టి, "దాహం లేదులే" అన్నాడు. నుదుటి మీద చెమటలు కారిపోతున్నాయి.

"రాయి ఎట్టా కొడతరో చెప్పు. మీవోడు రాసుకుంటడు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మాత్రం గుడికి కట్టుకున్న తెల్లచీరతోనే నేల మీద కూర్చుంది. రుబ్బురోలు పొత్రం తెచ్చి కాలి వేళ్ళతో అదిమి పట్టింది. "ఇట్టా పట్టాల బాబుగారూ. రాతికి నరం ఉంటది. నరం చూసి కొడితే ఒక దెబ్బ, చూడకపోతే పది దెబ్బలు. దెబ్బ పడేటప్పుడు కళ్ళు మూసుకోవాల. మూసుకున్నా చెయ్యి చూస్తానే ఉంటది. మా అక్క ఒక్కసారి మూసుకోలా. ఆ పొద్దు పక్కన బిడ్డ ఏడుస్తంటే అటు చూసింది." ఏడ్చిన ఆ బిడ్డ నేనే. అది నాకు అప్పటిదాకా చెప్పలేదు. ఎవడికో, మంచినీళ్ళు ముట్టనివాడికి చెప్పింది, బొమ్మ కోసం.

"రాసుకుంటన్నావా మాస్టరూ?" అన్నాడు గుమాస్తా గారు.

"మీ కూపను, మీ సంతకం, మీ ఊహ. మీరే రాసుకోండి" అన్నాను.

"ఏందిరా అట్టా మాట్టాడతన్నావు పెద్దాయనతో?" అని అమ్మ కసిరింది. ఆయన గొడుగు తిప్పుకొని పోయాడు.

ఆ మూడు వారాలూ ఆయన పడ్డ పాట్లు కరణం గారి తమ్ముడు బడి దగ్గర ఆగి చెప్పి పోయేవాడు. కొలువు ఎత్తేశాడట. ఒక్కడే కూర్చొని కాగితం మీద 'రాయి కొట్టు స్త్రీ ప్రవేశించును' అని రాస్తాడట. ఆ తర్వాత ముక్క రాదట. కొట్టేసి, మళ్ళీ అదే రాస్తాడట. ఒకరోజు ఆ స్త్రీ చేత పద్యం పాడించి చూశాడట, తనకే నచ్చక చించేశాడట. వింటుంటే నాకు పండగలా ఉండేది. ఇంట్లో అమ్మ మాత్రం రోజూ అదే మాట. "రాసియ్యరా నాయనా. నెల అయిపోతంది." నేను రోజూ అదే జవాబు. ఒకనాడు విసిగి, "నీకు రోషం లేదా?" అన్నాను. "రోషం తోటి కంకర కొట్టలా" అంది.

గడువు నాలుగు రోజులుందనగా గుమాస్తా గారి దగ్గర నుంచి కబురొచ్చింది. పోయాను. అరుగు మీద ఆయన తప్ప ఎవరూ లేరు. ఒంటి మీద కోటు లేదు. కోటు లేకపోతే ఆ మనిషి ఇంతేనా అనిపించింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కండువాతో బల్ల తుడిచాడు.

"పైకి రా మాస్టరూ" అన్నాడు. నేను కదల్లేదు. "పైకి రండి" అన్నాడు.

"ఇక్కడ బాగానే ఉందండీ."

"నాకు రాయడం చేతగాదయ్యా. నాకు తెలియదా? మీ అమ్మ చెప్పిందంతా చెవిలో ఉంది. కాగితం మీదికి రావడం లేదు. నీకు వస్తది. ఈ బల్ల మీద కూకొని నాలుగు రోజులు రాయి. సంతకం కోసమే గదా నేను. ఆ తల్లి నేల మీద కూకొని చూపిచ్చింది, అది పోతే పాపం తగులుద్ది" అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు నాకు కొత్త కాదు, పద్యం ముందు రాజు గొంతు అలాగే వణికేది. నిజంగా వణికిందో, వణికించాడో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"మీ బల్ల మీద మీరే కూర్చోండి గుమాస్తా గారూ. నేను ఎక్కను. రాయను" అన్నాను. ఆ మాట కోసం మూడు నెలలు కాచుకొని ఉన్నాను. అని, వెనక్కి చూడకుండా వచ్చేశాను. కోర్టు వీధి పొడుగునా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మా పల్లెలో పుట్టినవాడు ఎవడూ ఆ ఊళ్ళో ఒక పెద్దమనిషితో అంత మాట అని ఉండడు.

ఇంటికి వచ్చి అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన లేచి నిలబడడం, బల్ల తుడవడం, 'రండి' అనడం, నేను ఎక్కనని చెప్పడం, అంతా. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే విన్నది. మెచ్చుకుంటుందని నేను ఎదురుచూస్తున్నాను.

"నువ్వు ఆయన బల్ల మీద కూకోకపోతే కూకోకపోతివి" అంది చివరికి. "నేను, మీ పెద్దమ్మ తెర మీద కూకునేవాళ్ళం గదరా."

గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ నేను కలం పట్టలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. ఎప్పుడూ అడగలేదు. నలభై ఏళ్ళుగా గుమాస్తా గారిని తిట్టడానికి నేను మాటల కోసం వెతుక్కోవలసిన పని రాలేదు. అమ్మ అన్న ఆ మాటకు మాత్రం ఆమె పోయేదాకా ఒక్క జవాబూ దొరకలేదు.